గీత మీదికి రాని చుక్కలు

ఆ కంపెనీలో అందరికీ కంఠతా వచ్చిన అంకె ఒకటే: సున్నా పాయింటు తొమ్మిది తొమ్మిది తొమ్మిది. నునుపు సారు దాన్ని పచ్చ కాగితం మీద పెద్దచ్చులో వేయించి తన గది తలుపుకి అంటించాడు. పేరు పలక ఉండాల్సిన చోట అంకె పెట్టుకున్న మొనగాడు ఆయనొక్కడే.

నునుపు సారుకి అసలు పేరు ఒకటుంది కానీ జీతాల కాగితం మీద తప్ప దాన్నెవరూ వాడరు. జుట్టు నున్నగా దువ్వుతాడు, మాట నున్నగా దువ్వుతాడు, పైవాళ్ళని ఇంకా నున్నగా దువ్వుతాడు. సాంకేతిక విభాగానికి ఆయనే పెద్ద. ఆయనకి తెలిసిన సాంకేతికమంతా ఒక్క ముక్కలో చెప్పొచ్చు: గ్రాఫు మీద గీత అందంగా సాగాలి, చుక్కలన్నీ బుద్ధిగా వచ్చి ఆ గీత మీద కూర్చోవాలి.

చుక్కలు పెట్టేది చుక్కలమ్మ. ఆ పేరూ ఆయన పెట్టిందే. ముప్పై రెండేళ్ళ మనిషి, అక్కడి కొలతల సాఫ్ట్‌వేర్ అంతా ఆమె చేతి మీద నడిచేది. చేరిన మొదటి నెలలో ఆమె చూపించిన గ్రాఫు నిండా చుక్కలే. నునుపు సారు నొసలు చిట్లించి, "ఏంటమ్మా ఇది, కాగితానికి తట్టు పోసినట్టుంది? చుక్కలమ్మా, కాస్త శుభ్రం చెయ్యి" అన్నాడు. నలుగురూ నవ్వారు. పేరు అతుక్కుంది. చుక్కలు మాత్రం పోలేదు.

కంపెనీ చేసేది ఒక పెట్టె. అన్నం డబ్బా అంత ఉంటుంది. దాన్ని లిఫ్టుకి బిగిస్తే లోపల ఎంత బరువుందో చెబుతుంది. లిఫ్టు అడుగున ఒక ఇనుప ముక్క ఉంటుంది. మనుషులు ఎక్కితే అది కంటికి కనిపించనంత వంగుతుంది, వంగినప్పుడు కాస్త వోల్టేజి ఇస్తుంది. కాస్తంటే మరీ కాస్త. ఒక మనిషికి ఒకటిన్నర మిల్లీవోల్టు. చుట్టూ మోటార్లు, దీపాలు, తీగలు రొద పెడుతుంటే అందులోంచి ఈ ఒకటిన్నరని ఏరి తీయడమే చుక్కలమ్మ ఉద్యోగం. సంతలో తప్పిపోయిన పిల్లాడి గొంతు పట్టుకోవడం లాంటి పని. సెకనుకి వెయ్యి కొలతలు వస్తాయి, అవన్నీ చుక్కలు. ఏ చుక్కనీ నెత్తిన పెట్టుకోకుండా, దేన్నీ మెడపట్టి గెంటకుండా, అన్నిటి మధ్య నుంచీ న్యాయంగా ఒక గీత తీయాలి. ఆ గీత ఎంత ఎత్తులో ఉందో అదే అసలు వోల్టేజి. గీతకి అటూ ఇటూ మిగిలిపోయిన తేడాని ఆమె 'మిగులు' అనేది. ఆ మిగులుని కూడా గ్రాఫు కింద గీసి చూపించేది. నునుపు సారుకి చిరాకు పుట్టించేది అదే.

పెట్టెలోపల తీగలు బిగించి టంకం పెట్టేది బాబాయి. ఆఫీసంతా ఆయన్ని బాబాయి అనే పిలుస్తుంది. ఆ పిలుపు మీద నిజంగా హక్కున్నది మాత్రం చుక్కలమ్మకే. ఆమె తండ్రికి స్వయానా తమ్ముడు. తండ్రి పోయాక ఆమెని పెంచింది ఆయనా, పిన్నీ. పన్నెండేళ్ళు లిఫ్టు మెకానిక్కుగా తిరిగి, మోకాళ్ళు మొరాయిస్తే ఇక్కడ బల్ల దగ్గర కూర్చునే పనికి కుదురుకున్నాడు. ఆమెకి ఈ ఉద్యోగం ఆయన చెప్పించలేదు. ఆయన మాట అక్కడ ఎవరూ వినేవారూ కాదు.

ఆమెకి కొలవడం నేర్పింది కూడా ఆయనే. ఏడేళ్ళ వయసులో ఆయన పాత ముల్లు మీటరు చేతికిచ్చి, బ్యాటరీకి తగిలించి, ఎంతో చెప్పమన్నాడు. ముల్లు ఊగుతుంటే ఆమె "ఎనిమిది... కాదు, తొమ్మిది" అంది. "ఊగుతున్నప్పుడు అంకె చెప్పకు తల్లీ" అన్నాడు బాబాయి. "ఆగిందాకా ఆగు. ఎంతకీ ఆగకపోతే, ఎందుకు ఊగుతోందో చూడు." పెద్ద చదువుల్లో ఆమె నేర్చుకున్న లెక్కలన్నీ చివరికి ఈ రెండు మాటల చుట్టూనే తిరిగాయి.

రెండు నెలల నుంచి పరీక్ష బల్ల మీద ముల్లు ఊగడం మొదలైంది. బల్ల మీద ఇనుప బరువులు కదలకుండా పెట్టి కొలిచినా, అంకె మిల్లీవోల్టులో పదింట ఎనిమిది వంతులు లేస్తుంది, పడుతుంది. అంటే సగం మనిషి. లిఫ్టులోకి సగం మనిషి ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు, మళ్ళీ ఎక్కుతున్నాడు.

"ఆ ముసలాయన టంకం" అని తేల్చేశాడు నునుపు సారు. బల్ల దగ్గరికి కూడా రాలేదు. కుర్చీలో కూర్చునే తేల్చాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు గానీ, ఈయనకి మద్దెల ఎక్కడుందో కూడా తెలియదు.

చుక్కలమ్మ సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. ఒక వారం పాటు ఆమె కూడా అదే అనుకుంది. బాబాయికి యాభై ఆరు, అద్దాలు మార్చి మూడేళ్ళయింది, చేయి వణుకుతోందేమో అనుకుంది. ఆయన టీకి వెళ్ళినప్పుడు భూతద్దం పెట్టి ఒక్కో అతుకూ చూసింది. అన్నీ కడిగిన గిన్నెల్లా మెరుస్తున్నాయి. భూతద్దం సొరుగులో పెట్టేసి, ఆయన తిరిగొచ్చాక మొహం చూడలేక తెర వైపు తిరిగి కూర్చుంది.

ఆసుపత్రుల్లో లిఫ్టులు చూసే ఒక పెద్ద సంస్థ నుంచి కొనుగోళ్ళ మేడమ్ శుక్రవారం వస్తోంది. పెట్టె నచ్చితే వందల్లో తీసుకుంటారు. మంగళవారం పొద్దున్నే నునుపు సారు చుక్కలమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఈ గీతని ఇంకాస్త వంచలేమా?" అన్నాడు. "పాపం, చుక్కలు పైనొకటి కిందొకటి వేలాడుతున్నాయి. ఎన్ని వంపులు తిరగాలో చెప్పే అంకె ఏదో ఉందన్నావుగా?"

"రెండు పెట్టాను సార్. అంతకంటే అక్కర్లేదు."

ఆయన ఆమె చేతిలోంచి మౌసు తీసుకుని నాలుగు చేశాడు. తర్వాత తొమ్మిది. పందొమ్మిది దగ్గర ఆగాడు. గీత పాములా మెలికలు తిరిగి దాదాపు ప్రతి చుక్కనీ ముట్టుకుంది. చుక్కలు గీతకి ఎంత దగ్గరగా కూర్చున్నాయో చెప్పే అంకె పక్కన పచ్చగా వెలిగింది: 0.999. ఆయన మొహం కూడా వెలిగింది.

"సార్, ఆ గీత చుక్క దగ్గర మాత్రమే మర్యాదగా ఉంటుంది" అంది చుక్కలమ్మ. "చుక్కకీ చుక్కకీ మధ్యలో, ముఖ్యంగా ఈ చివర, ఎక్కడికి ఎగురుతుందో దానికే తెలీదు. పెట్టె చెప్పేదేమో సరిగ్గా ఆ చివర అంకె. రొద ఏం చెబితే దానికల్లా తలూపేస్తోంది సార్ ఇది."

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం గీత అది. నునుపు సారుకి అలాంటి గీతలంటేనే కాదు, అలాంటి మనుషులంటే కూడా మహా ఇష్టం.

"ఇంకా ఈ నాలుగు చుక్కలు రావట్లేదేం?" అన్నాడాయన.

"అవి రావు సార్. వాటి కారణం వేరే ఏదో ఉంది."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. తీసెయ్." ఒక్కో చుక్క మీదా నొక్కి తనే తీసేశాడు. 0.9996 అయింది. "చూశావా? ఇంతసేపూ నువ్వు చెయ్యనిది రెండు నిమిషాల్లో చేశాను. ఇక రిపోర్టు." జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. 'రొదకు కారణం' అన్న గడిలో అప్పటికే టైపు చేసి ఉంది: తీగల బిగింపులో పనితనం లోపం. "గురువారం సాయంత్రానికి సంతకం పెట్టివ్వు. దాని మీదే ఆయన సంగతి తేలుస్తాం. వయసు మీద పడితే ఎవరికైనా తప్పదు కదమ్మా, బంధువైనా సరే."

ఆమెకి ఒళ్ళు మండింది. "చూసి పెడతాను సార్" అంది.  ఇంట్లో ఎదురుపడే మనిషి ఉద్యోగం తన సంతకం కిందికి వచ్చి కూర్చుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి పిన్ని వరండాలో బీపీ మెషీను చేతికి చుట్టుకుని కూర్చుంది. అది బుస్సుమని గాలి వదిలాక అంకె చూసి, మూతి ముడిచి, మళ్ళీ నొక్కింది. మూడోసారి వచ్చింది నచ్చినట్టుంది, పుస్తకంలో రాసుకుంది.

"ముందు రెండూ ఏవీ?" అన్నాడు బాబాయి.

"అవి మెషీను తప్పు. ఇదే నా బీపీ."

"తక్కువొచ్చేదాకా కొలిచి, తక్కువొచ్చాక నమ్ముతుంది. మీ సారు దగ్గర మీ పిన్నిని పెట్టిస్తే ఇద్దరూ కలిసి కంపెనీని ఏలేస్తారు" అన్నాడు బాబాయి చుక్కలమ్మతో. ఆమె నవ్వి పుస్తకం అందుకుంది. పిన్ని రాసి కొట్టేసిన అంకెలు పాత పేజీల్లో చాలానే ఉన్నాయి. పక్కన సమయాలు కూడా. ఎక్కువొచ్చినవన్నీ సాయంత్రం ఆరు దాటాకే.

"ఆరింటికి ఏం చేస్తావు పిన్నీ?"

"ఏం చేస్తాను? మా అక్క ఫోన్ చేస్తుంది."

బాబాయి పడీపడీ నవ్వాడు. చుక్కలమ్మ నవ్వలేదు. పుస్తకం అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది. నిజమంతా కొట్టేసిన అంకెల్లో ఉంది. తను మాత్రం వారం రోజులుగా ఉంచిన చుక్కల్నే చూస్తోంది.

బుధవారం ఆఫీసుకి వెళ్ళగానే నునుపు సారు ప్రతి రిపోర్టులోంచీ తీయించేసిన చుక్కలన్నిటినీ ఏరి, ఏది ఎప్పుడొచ్చిందో వరసగా పేర్చింది. రెండు నెలల చెత్తబుట్ట. కాఫీ చల్లారేలోగా సంగతి కళ్ళకి కట్టింది. రొదయితే ఎలా పడితే అలా ఉండాలి. ఇది గడియారంలా ఉంది. ఏడు సెకన్లకొక మూపురం. పదకొండు నుంచి పన్నెండున్నర దాకా, మళ్ళీ మూడు నుంచి నాలుగున్నర దాకా. ఆదివారాలు లేదు. పోయిన నెలలో నునుపు సారు ఊరెళ్ళిన నాలుగు రోజులూ అసలే లేదు.

ఆమె లేచి బల్ల వెనక్కి వెళ్ళింది. గోడ సాకెట్లోంచి తమ తీగతో పాటు ఇంకో తెల్ల తీగ బయల్దేరి, బీరువా వెనకగా, గోడ వెంబడి పాకి, పచ్చ కాగితం అంటించిన తలుపు కిందుగా లోపలికి దూరింది.

భోజనాల వేళ నునుపు సారు బయటికెళ్ళాక ఆమె, బాబాయి కలిసి ఆ గదిలో చూశారు. తీగ చివర ఒక నల్ల తోలు కుర్చీ ఉంది. నడుము పిసికే కుర్చీ. మీట నొక్కితే వీపు లోపల రెండు గుండ్లు కింది నుంచి పైకి, పై నుంచి కిందికి నడుస్తాయి. పైకెళ్ళి కిందికి రావడానికి ఏడు సెకన్లు.

"నువ్వు తెర దగ్గర ఉండు, నేను వేస్తాను" అన్నాడు బాబాయి. వేశాడు. తెర మీద మూపురాలు లేచాయి. "ఆపు బాబాయ్" అంది. మూపురాలు పడుకున్నాయి. "మళ్ళీ వెయ్." లేచాయి. "ఇక చాలు, ఆపు." ఆగలేదు. ఆమె గదిలోకి తొంగి చూసింది. బాబాయి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"కొలత కోసమేలే" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "మనిషి కూర్చుంటే లోడు మారుతుంది. ఇంకో నాలుగు నిమిషాలు చూడాలి."

ఆ కొలత మీదే తన ఉద్యోగం తూగుతోందని ఆయనకి తెలియదు. ఆమె చెప్పలేదు. ఎలాగూ తప్పు దొరికింది, ఇక కాగితం చిరిగిపోతుంది, చెప్పి బాధపెట్టడం ఎందుకు అనుకుంది.

మధ్యాహ్నమంతా కూర్చుని, చుక్కల మధ్య గీత తీసే లెక్కని, అదే ఫిట్‌ని, మళ్ళీ రాసింది. అసలు వోల్టేజికి ఒక అంకె, కరెంటు లైను రొదకి ఒకటి, మెల్లగా జారే జారుడుకి ఒకటి, ఏడు సెకన్ల మూపురానికి ఇంకొకటి. ఒక్క చుక్కనీ తీయలేదు. అన్నిటినీ లెక్కలోకి తీసుకుని, దేని వాటా దానికి పంచితే, బరువు తాలూకు వోల్టేజి అటూ ఇటూ ఊగకుండా నిలబడింది: నాలుగు పాయింటు అయిదు రెండు, పొరపాటు నూరింట రెండు వంతుల లోపే. కింద మిగులు చూస్తే ఏ మూపురమూ లేదు. ఒట్టి ఇసుక చల్లినట్టు ఉంది. ప్రోగ్రాములో ప్రతి వాటాకీ ఒక పేరు పెట్టాలి. మూపురం వాటాకి ఆమె 'నడుము' అని పెట్టింది.

గురువారం సాయంత్రం ఆ రిపోర్టు నునుపు సారు చేతికిచ్చింది. ఆయన చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. రొదకు కారణం: నడుము, 0.8 మిల్లీవోల్టు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ఎడమ చేయి దానంతటదే వెనక్కి, నడుము మీదికి పోయింది.

"నా నడుము గురించి కంపెనీ కాగితాల్లో రాస్తావా?"

"ఎవరి నడుమో రాయలేదు సార్."

"డాక్టరు చెబితే పెట్టుకున్నాను. ఎనిమిదేళ్ళ నొప్పి నాది. నీకు సరదాగా ఉందా?"

"కుర్చీ ఉంచుకోండి సార్. వేరే సాకెట్లో పెట్టుకుంటే చాలు. టంకం తప్పేమీ లేదని తేలిపోయింది, బాబాయి మీద ఆ మాట..."

"ఏం తేలింది? నువ్వు తేల్చింది నువ్వు తేల్చావు." తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నవాడికి నాలుగో కాలు చూపిస్తే కుందేలునే విసిరేస్తాడు. ఆయన ఆమె రిపోర్టుని రెండుగా మడిచి బుట్టలో పడేశాడు. తన పాత కాగితం తీసి, 'తయారుచేసినవారు' అన్న చోట తనే సంతకం చేశాడు. తర్వాత సొరుగులోంచి ఇంకో కాగితం తీసి దాని మీదా చేశాడు, కవరులో పెట్టాడు, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "రేపు డెమో అయ్యేదాకా ఉండనిద్దాం. పెట్టె బిగించడానికి మనిషి కావాలిగా."

 చుక్కలమ్మకి ఆ నున్నటి జుట్టు పట్టుకుని ఆ కుర్చీ గుండ్ల మధ్య పెట్టాలనిపించింది. పెట్టలేదు. ఒక తెల్ల కాగితం తీసి, "లిఫ్టులో పందొమ్మిది వంపుల గీతే పెట్టమన్నారని రాసివ్వండి సార్" అంది. "ఇది నడుస్తున్న లిఫ్టులో వద్దని నేను చెబుతున్నాననీ రాయండి. బ్రేకులు వేరే కాబట్టి లిఫ్టు పడదు. కానీ పిచ్చి అంకె వచ్చిందంటే ఎక్కడుంటే అక్కడ ఆగిపోతుంది."

ఆయన నవ్వి, రాసి, సంతకం చివర ఒక మెలిక తిప్పి మరీ ఇచ్చాడు.

ఇంటికి నడుస్తూ బాబాయికి చెబుదామని మూడుసార్లు నోరు తెరిచింది. "రేపు మన పెట్టె మొదటిసారి నిజం లిఫ్టెక్కుతుంది" అన్నాడాయన. "స్క్రూలన్నీ తుడిచి పెట్టాను." ఆమెకి ఏడుపొచ్చింది. కళ్ళలో దుమ్ము పడిందని చెప్పింది.

శుక్రవారం పదకొండింటికి కొనుగోళ్ళ మేడమ్ వచ్చింది. యాభై దాటిన భారీ మనిషి, కాళ్ళకి బూట్లు, భుజానికి సంచీ, మొహంలో ఎవరినీ నమ్మని శాంతం. పచ్చ కాగితం చూసి, "ఇదేంటి, గది నంబరా?" అంది. నునుపు సారు నవ్వాడు. బాబాయి పొద్దున్నే ఆ భవనం లిఫ్టుకే పెట్టె బిగించి, దాని తీగని మేడ మీది మోటారు గదికి లాగి, అక్కడే కూర్చున్నాడు.

"మనమే ఎక్కుదాం మేడమ్. మా మీద మాకు అంత నమ్మకం" అన్నాడు నునుపు సారు. ఆయన, మేడమ్, లాప్‌టాప్ పట్టుకుని చుక్కలమ్మ, ముగ్గురూ ఎక్కారు. తలుపు మూసుకుంది. ఎక్కినప్పుడు అంకె బాగానే ఉంది. మేడ మీద మోటారు మొదలయ్యింది, దాని రొద తీగల్లోకి దిగింది, పందొమ్మిది వంపుల గీత దానికి కూడా తలూపింది. రెండో అంతస్తు దాటాక దాని చివర ఒక్కసారిగా పాతాళానికి దూకింది.

లిఫ్టు ఆగింది. లోపల ఎవరూ లేరని నమ్మి దీపం ఆర్పేసింది. ఫ్యాను కూడా ఆర్పేసింది.

చీకట్లో లాప్‌టాప్ వెలుగొక్కటే మిగిలింది. ముగ్గురూ దాని మీదికి వంగారు.

"మైనస్ పదకొండు మంది" అని చదివింది మేడమ్. "మనం ముగ్గురం కదా?"

"కానీ ఫిట్ చూడండి మేడమ్" అన్నాడు నునుపు సారు, అలవాటు చొప్పున. పక్కన పచ్చగా 0.9998 వెలుగుతోంది.

మేడమ్ ఆయన వైపు తిరిగి, ఆ వెలుగులోనే ఆయన్ని కింది నుంచి పై దాకా ఒకసారి చూసింది. "చుక్కలన్నీ ఇందులో ఉన్నాయా?" అని చుక్కలమ్మనడిగింది.

"లేవండీ. తీసేశారు. నా దగ్గర విడిగా ఉన్నాయి."

నునుపు సారు గట్టిగా దగ్గాడు. చెమట తుడుచుకోవడానికి జేబులోంచి రుమాలు తీశాడు. ఏదో కింద పడిన చప్పుడైంది. చీకట్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఫోన్ మోగింది. బాబాయి.

"పెట్టె తీగ పీకేసి ముల్లు మీటరు తగిలించాను తల్లీ. ఆగిన లిఫ్టు కదా, ముల్లు కూడా చక్కగా ఆగింది. అయిదు చూపిస్తోంది. ముగ్గురున్నారు, అందులో ఒకరు కాస్త దిట్టం. నిజమేనా?"

ఫోన్ స్పీకరులో ఉంది. మేడమ్ విన్నది. "నిజమే" అంది.

"భయపడకండి. బ్రేకు వదిలి చేత్తో చక్రం తిప్పుతాను. మెల్లగా వస్తుంది."

ఇరవై రెండు నిమిషాలు పట్టింది. పైన మోకాళ్ళ నొప్పుల మనిషి చక్రం తిప్పుతుంటే లిఫ్టు జానెడు జానెడు కదిలింది. నునుపు సారు మొదటి అయిదు నిమిషాలు మాట్లాడాడు, తర్వాత దేవుణ్ణి తలుచుకున్నాడు, చివరికి నడుం పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. మూడో అంతస్తుకి మూరెడు కిందుగా ఆగాక, అడుగుల చప్పుడు మెట్లు దిగొచ్చింది. బయటి నుంచి తలుపు తెరుచుకుంది. బాబాయి చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

మేడమ్ ఎవరి సాయం లేకుండా ఎక్కింది. చుక్కలమ్మ ఎక్కింది. నునుపు సారు నడుము వంగలేదు. బాబాయి రెండు చేతులూ ఇచ్చి పైకి లాగాడు. లాగి, లిఫ్టు లోపలికి చూసి, వంగి ఒక కవరు తీశాడు.

"మీది పడింది సార్" అని అందించబోయి ఆగాడు. "కాదు, నా పేరుంది."

 "బాబాయ్" అంది చుక్కలమ్మ. ఆయన వినలేదు. జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని, కవరు చింపి, మెల్లగా, పైకే చదివాడు. పనితనంలో లోపం వల్ల కంపెనీ కొలతలకు నష్టం కలిగినందున, ఈ కింది తేదీ నుంచి మీ సేవలు అవసరం లేదు.

 బాబాయి కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకుని అడుగున మళ్ళీ చూశాడు.

"తేదీ రేపటిది సార్" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే భరించలేకుండా ఉంది. "ఇవాళ్టికి ఇంకా మీ ఉద్యోగినే. అందుకని తిప్పాను. రేపు ఇరుక్కుని ఉంటే ఏం చేసేవాళ్ళు?"

నునుపు సారు జుట్టు సవరించుకున్నాడు. "అది... ఊరికే డ్రాఫ్టు" అన్నాడు.

"డ్రాఫ్టులకి కూడా సంతకం పెడతారా?" అంది మేడమ్. తర్వాత చుక్కలమ్మ వైపు తిరిగి, "ఆ తీసేసిన చుక్కలన్నీ ఉన్న కాగితం ఇవ్వమ్మా, నాకు అది కావాలి" అంది. నిన్న బుట్టలోంచి తీసి, చేత్తో సాపు చేసి వెంట పెట్టుకున్న రిపోర్టు ఇచ్చింది చుక్కలమ్మ. మేడమ్ నిలబడే చదివింది. 'నడుము' దగ్గర ఆగి, నేల మీద నుంచి లేచిన మనిషి ఇంకా వీపు మీద చేయి తీయలేదని చూసి, ఏమీ అడగకుండా మడిచి సంచీలో పెట్టుకుంది. మెట్ల మీదుగా దిగి వెళ్ళిపోయింది.

సోమవారం ఆమె దగ్గర్నుంచి ఉత్తరమొచ్చింది. ముందు ఇరవై పెట్టెలు చూస్తారట. షరతులు రెండు: ప్రతి రిపోర్టులోనూ అన్ని చుక్కలూ, మిగులూ ఉండాలి, తీగలు బిగించిన మనిషీ, లెక్క కట్టిన మనిషీ ఇద్దరూ సంతకం చెయ్యాలి, ఆ ఇద్దరూ శుక్రవారం తను చూసినవాళ్ళే అయి ఉండాలి. పైవాళ్ళు ఆ ఉత్తరం నునుపు సారుకి చదివి వినిపించారు. బాబాయి కాగితం ఏమైందో ఎవరూ చెప్పలేదు. తెల్ల తీగని మాత్రం బాబాయే చుట్ట చుట్టి సారు బల్ల మీద పెట్టాడు.

సారు కాగితం సంగతి తను ముందే ఎందుకు చెప్పలేదో ఆ రోజు రాత్రి చుక్కలమ్మ బాబాయికి చెప్పింది. భూతద్దం సంగతీ చెప్పింది.  "చూడటం తప్పు కాదు" అన్నాడు బాబాయి. "చూసి నాకు చెప్పకపోవడం తప్పు." ఆమె తల దించుకుంది. ఆ మాట చాలా రోజులు ఆమెని వదల్లేదు.

మర్నాడు నునుపు సారు ఆమె బల్ల దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, మునుపటికంటే నున్నగా అన్నాడు:

"చుక్కలమ్మా, శుక్రవారం డేటా ఫైలులో ఆ ఇరవై రెండు నిమిషాలు ఉన్నాయి చూడు. ఒక్కసారే జరిగింది కదా. ఉలిపికట్టె. తీసేస్తే బావుంటుంది."

"తీసేస్తే బావుంటుంది సార్" అంది చుక్కలమ్మ, తెర మీది నుంచి చూపు తిప్పకుండా. "కానీ అందులో మీరున్నారు."